తుపాను హెచ్చరికకు నిస్తంత్రి మార్గము

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి భూములలో కార్తిక మాసము రైతుకు ఆశల కాలము. పత్తికాయలు పగిలి చేలు తెల్లబడుచుండును. మిరపతోటలు పూత, పిందెలతో నిండియుండును. సముద్రతీరమునకు దగ్గరగా వరి పైరు కోతకు వచ్చుచుండును. సరిగా ఆ రోజులలోనే బంగాళాఖాతములో తుపానులు పుట్టును. 1977 నవంబరు 19వ తేదీన వచ్చిన తుపాను ఆ ఆశలను ఒక్క దినములో తుడిచివేసినది. చీరాల, బాపట్ల ప్రాంతమున తుపాను తీరము దాటగా, దానికి ఉత్తరమున కృష్ణా ముఖద్వారము వద్ద సుమారు 5 మీటర్ల ఎత్తున ఉప్పెన లేచి, దివిసీమలో చాల దూరము భూమిపైకి చొచ్చుకొనివచ్చినది. ప్రభుత్వ లెక్కల ప్రకారమే సుమారు 10,000 మంది ప్రాణములు కోల్పోయారు.

తుపాను వచ్చుచున్నదని ఎవరికీ తెలియదా? తెలియకపోలేదు. వాతావరణ శాఖ హెచ్చరికలు జారీచేసినది, రేడియోలో ప్రసారము కూడ జరిగినది. కాని హెచ్చరిక పుట్టుట వేరు, అది చేరవలసినవారికి చేరుట వేరు. ఈ రెంటి మధ్యనున్న దూరమును విజ్ఞానశాస్త్రము ఎట్లు దాటినదో తెలిసికొనుట ఉపయోగకరము.

ఈ తీరమునకు ఉప్పెన కొత్తది కాదు. 1864 నవంబరు 1న మచిలీపట్టణమును ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించారని చరిత్ర చెప్పుచున్నది. ఆ సంవత్సరము అక్టోబరులో కలకత్తాను కూడ ఘోరమైన తుపాను తాకినది. వీని ఫలితముగా 1865లో కలకత్తా రేవునకు తుపాను హెచ్చరికలు అందించు ఏర్పాటు మొదలైనది. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడినది. అప్పుడు వార్త నడచు దారి తంతి తీగ. ఈ తీగకు పుట్టుకతోనే ఒక లోపము కలదు. వార్త ఎంత అవసరమో గాలి అంత బలముగా వీచును, గాలి ఎంత బలముగా వీచునో స్తంభములు అంత త్వరగా కూలును. అనగా హెచ్చరిక అత్యవసరమైన గడియలోనే తీగ తెగును. 1977లో జరిగినదియు అదే. తంతి, టెలిఫోను మార్గములు, రోడ్లు తెగిపోవుటచే జరిగిన నష్టమెంతో బయటివారికి పూర్తిగా తెలియుటకే రోజులు పట్టినది.

తీగ లేకుండ వార్త పంపవచ్చునని 1895లో జగదీశ చంద్ర బోసు కలకత్తాలో ప్రదర్శించి చూపారు. గోడల నడ్డగించుకొని పోయిన విద్యుదయస్కాంత తరంగములు దూరమున గంటను మ్రోగించి, తుపాకిమందును పేల్చినవి. 1901లో మార్కోనీ అట్లాంటికు సముద్రము మీదుగా సంకేతమును అందుకొన్నారు. పిమ్మట ఓడలు నడిసముద్రము నుండి వాతావరణ వివరములను నిస్తంత్రి ద్వారా తీరమునకు పంపసాగినవి. 1948 డిసెంబరు 1న విజయవాడలో ఆకాశవాణి కేంద్రము ప్రారంభమై, గుంటూరు మండలపు పల్లెలకు కూడ రేడియో మాట దగ్గరైనది.

అయినను రేడియో ప్రసారమునకు మూడు కొరతలు కలవు. వినువాడు రేడియో పెట్టి కూర్చున్నప్పుడే అది చేరును. అర్ధరాత్రి ప్రసారము ఆగియున్న వేళ చేరదు. ఏ మండలమునకు అపాయమో ఆ మండలపు అధికారిని ప్రత్యేకముగా నిద్రలేపు శక్తి దానికి లేదు.

పోలీసుశాఖ వాడు నిస్తంత్రి సాధనములు ఈ కొరతలను కొంత తీర్చగలవు. కాని వానికి భూమి గుండ్రదనము అడ్డు వచ్చును. ఈ సాధనములలోని అతి హ్రస్వ తరంగములు దాదాపు సరళరేఖలో పోవును. 30 మీటర్ల స్తంభముపై నుండి దిగంతము సుమారు 20 కిలోమీటర్లే. అంత ఎత్తుగల రెండు స్తంభములు ఒకదానినొకటి చూడవలెనన్న వాని మధ్య దూరము సుమారు 40 కిలోమీటర్లు మించరాదు. గుంటూరు నుండి బాపట్ల మీదుగా సముద్రపుటొడ్డు అంతకంటె దూరము. కొండలు లేని ఈ చదును నేలపై మధ్యలో మరియొక స్తంభము నాటక తప్పదు. ఆ స్తంభము కూలినచో దారి మరల తెగును.

దీనికి పరిష్కారము స్తంభమును ఏ గాలీ అందుకోలేనంత ఎత్తున నిలుపుట. భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున తిరుగు ఉపగ్రహము భూమితో సమానముగా తిరుగుటచే, క్రింది నుండి చూచువానికి ఒకేచోట నిలిచియున్నట్లు కనబడును. భారతదేశము 1982 ఏప్రిల్‌లో ఇన్‌శాట్-1ఎను పంపినది. ఆ సంవత్సరము సెప్టెంబరులోనే అది చెడిపోయినది. 1983 ఆగస్టు 30న ఛాలెంజర్ వ్యోమనౌకలో ఇన్‌శాట్-1బి బయలుదేరినది. దీనికిని సౌరఫలకములు వెంటనే విచ్చుకొనలేదు. వేలకొలది కిలోమీటర్ల దూరములోని యంత్రమును చేతితో ముట్టి సరిచేయలేము. ఇంజనీర్లు భూమి నుండి ఆజ్ఞలు పంపుచు ఓపికగా ప్రయత్నించగా సెప్టెంబరులో ఫలకములు తెరచుకొన్నవి. అక్టోబరు నాటికి ఉపగ్రహము పనిలోకి వచ్చినది.

ఈ ఉపగ్రహమును ఆధారము చేసికొని 1980ల మధ్యకాలమున తుపాను హెచ్చరికలను చేరవేయు కొత్త వ్యవస్థ ఏర్పడినది. మొదట సుమారు 100 గ్రాహకములను ఉత్తర తమిళనాడు, దక్షిణాంధ్ర తీరములలో అమర్చారు. మద్రాసు తుపాను హెచ్చరిక కేంద్రమున తయారైన సందేశము భూకేంద్రము నుండి ఉపగ్రహమునకు పోయి, అక్కడినుండి సుమారు 12 సెంటీమీటర్ల తరంగములపై తీరమంతటికి దిగును. పోయి వచ్చుటకు పట్టు కాలము పావు సెకండు మాత్రమే.

ఈ 12 సెంటీమీటర్ల తరంగములలో ఒక మేలు కలదు. 3 సెంటీమీటర్లు, అంతకంటె చిన్నవైన తరంగములను గట్టి వాన మ్రింగివేయును. పొడుగైన తరంగమును అది అంతగా బాధింపదు. తుపాను వానలో పనిచేయవలసిన సాధనమునకు ఇది ముఖ్యము. గిన్నెవంటి ఆంటెన్నాను నిలుపుటయు సులభమే. ఇన్‌శాట్-1బి 74 డిగ్రీల తూర్పు రేఖాంశముపై ఉండుటచే, బాపట్ల నుండి చూచినచో దక్షిణమునకు కొంచెము పడమరగా, నేలకు సుమారు 70 డిగ్రీల ఎత్తున ఉండెడిది. దాదాపు నడినెత్తి మీదనే కనుక తాటిచెట్లుగాని మేడలుగాని దారికి అడ్డు రావు. అయితే గాలికి గిన్నె కొంచెము పక్కకు తిరిగినను సంకేతము క్షీణించును. కనుక దానిని గట్టిగా బిగించియుంచవలెను. విద్యుత్తు పోయినను నడచుటకు బ్యాటరీ ఉండవలెను.

ఈ వ్యవస్థలో అన్నిటికంటె తెలివైన అంశము చిరునామా. సందేశమునకు ముందు ఒక సంకేత సంఖ్య పోవును. ఏ జిల్లా గ్రాహకములకు ఆ సంఖ్య కేటాయించబడినదో అవి మాత్రమే మేల్కొని, పెద్దగా మ్రోత చేసి, పిమ్మట స్థానిక భాషలో సందేశమును వినిపించును. మిగిలినవి మౌనముగా ఉండును. ఇందు రహస్యము దాచుట కంటె నమ్మకము నిలుపుట ముఖ్యము. ప్రతి తుపానుకు తీరమంతట గంట మ్రోగినచో, నాలుగవసారికి జనులు కదలరు. ‘నాన్నా పులి’ కథలోని పిల్లవాని గతి హెచ్చరికకును పట్టును. అపాయమున్నచోటనే మ్రోగు గంటను జనులు నమ్ముదురు.

పరీక్ష 1990 మేలో వచ్చినది. ఆ నెల 9వ తేదీన అతి తీవ్రమైన తుపాను కృష్ణా ముఖద్వారము దగ్గర తీరము దాటినది. ఉపగ్రహ చిత్రములతో దానిని ముందుగనే గమనించి, హెచ్చరికలు పంపి, లక్షలాది ప్రజలను సురక్షిత స్థలములకు తరలించారు. మరణించినవారు 967 మంది. ఇదియు దుఃఖకరమే. కాని 1977 నాటి సంఖ్యలో ఇది పదవ వంతు. ఈ ఘనత అంతయు నిస్తంత్రిదే అనుట న్యాయము కాదు. రెండు తుపానుల ఉప్పెనలు ఒక్క తీరుగా లేవు. 1977 తరువాత కట్టిన తుపాను రక్షణ భవనములు, తరలింపులో అధికారులు, ప్రజలు పొందిన అనుభవము కూడ తోడైనవి. అయినను కబురు సకాలమున రాక భవనమున్నను ప్రయోజనము లేదు.

మొదటి గ్రాహకములకు ఒక లోపముండెను. అవి వినగలవు కాని బదులు చెప్పలేవు. సందేశము చేరినదో, యంత్రము పాడై మూగగా ఉన్నదో పంపినవారికి తెలియదు. తరువాత ఆంధ్ర తీరమున అమర్చిన డిజిటల్ వ్యవస్థలో ‘అందినది’ అని తిరిగి తెలుపు సౌకర్యము చేర్చారు. ఏ గ్రాహకము పలుకలేదో తెలిసినచో, దానిని బాగుచేయుట తుపాను రాకముందే సాధ్యమగును.

నేడు ప్రతి చేతిలో మొబైల్ ఫోను ఉన్నది కనుక ఈ చింత తీరినదని తోచవచ్చును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినప్పుడు విద్యుత్తు పోయి, టవర్లు దెబ్బతిని, ఫోనులు మూగవోయినవి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల సమీపముననే తీరము దాటి, వరి, పత్తి, మిరప పైరులను దెబ్బతీసినది. ఫోను ఎంత కొత్తదైనను, దాని వెనుకనున్న స్తంభము, విద్యుత్తు, తీగ ఈ నేలమీదివే. 1864లో తంతి తీగకున్న బలహీనత వేషము మార్చుకొని నేటికిని మన మధ్య ఉన్నది.

కనుక ఒక దారి తెగినను రెండవ దారి ఉండునట్లు చూచుట, గాలి లేని రోజుననే సాధనమును పరీక్షించుట, వచ్చిన కబురు నిజమైనదని జనులు నమ్మునట్లు చేయుట అను మూడు పనులును ఎప్పటికిని తీరునవి కావు. చేనులోని పత్తిని తుపాను నుండి తప్పించుట కష్టము. చేనిలోని మనిషిని తప్పించుటకు మాత్రము ఒక్క రోజు ముందు చేరిన మాట చాలును.