తెలిసిన విషము, తెలియని ప్రజలు

1995వ సంవత్సరము మార్చి 20వ తేదీ సోమవారము. జపాను రాజధాని టోకియోలో ఉదయము 8 గంటల వేళ జనము కచేరీలకు పోవుచుండిరి. ఓం షిన్‌రిక్యో అను మతశాఖకు చెందిన ఐదుగురు ఐదు భూగర్భ రైళ్ళలో ప్లాస్టిక్ సంచులను జారవిడిచి, వాటిని గొడుగు మొనలతో పొడిచి దిగిపోయిరి. సంచులనుండి కారిన ద్రవము సారిన్. దానివలన 14 మంది మరణించిరి, వేలమంది అస్వస్థులైరి.

సారిన్ అనగా ఏమి? 1938లో జర్మనీలో పురుగుమందులకై పరిశోధించుచున్న రసాయనజ్ఞులకు ఇది తారసిల్లెను. మన నాడులు అసిటైల్‌కోలీన్ అను పదార్థము ద్వారా కండరములకు ఆజ్ఞలను అందించును. పని ముగియగానే ఒక ఎంజైము ఆ పదార్థమును విచ్ఛిన్నము చేయును. సారిన్ ఈ ఎంజైమును బంధించును. అప్పుడు కండరములకు విశ్రాంతి యుండదు. కంటిపాప ముడుచుకొని చూపు మసకబారును. తుదకు శ్వాస ఆగును. మన పల్లెలలో ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులు విషమించినపుడు జరుగునదియు ఇదియే. వైద్యులు ఆ రోగులకిచ్చు అట్రోపిన్, ప్రాలిడాక్సిమ్ అను మందులే సారిన్‌కును విరుగుడు.

ఈ విషము జపానుకు అప్పటికి కొత్తది కాదు. తొమ్మిది నెలలకు పూర్వము, 1994 జూన్ 27 రాత్రి, ఇదే శాఖవారు మత్సుమోటో పట్టణములో సారిన్ వదలిరి. దాని ఫలితముగా 8 మంది ప్రాణములు పోయినవి. అది సారిన్ అని వారములోపుగనే తేలినది. కాని పోలీసుల అనుమానము, పత్రికల నిందయు, మొట్టమొదట ఆ ప్రమాదమును తెలియజేసిన నిర్దోషి మీదనే పడెను. ప్రయోగశాలకు తెలిసిన సంగతి రైలు ఉద్యోగికి, ఆసుపత్రి నర్సుకు చేరలేదు.

దాని ఫలితము టోకియోలో కనబడినది. కసుమిగసెకి స్టేషనులో ఉద్యోగులు కారుచున్న సంచిని ఎత్తివేసి నేలను తుడిచిరి. వారిలో ఇద్దరు మరణించిరి. సెయింట్ లూక్స్ ఆసుపత్రికి ఒక్కరోజులో 600 మందికి పైగా రోగులు వచ్చిరి. వారి దుస్తులు మార్పించకపోవుటచే, వాటినుండి వెలువడిన ఆవిరి వైద్యులకును నర్సులకును సోకినది. విషము సారిన్ అని పోలీసులు ప్రకటించుసరికి మూడు గంటలు గడచినవి.

అయినను ఎందరో బ్రతికిరి. మత్సుమోటో బాధితులకు చికిత్స చేసిన షిన్‌షూ విశ్వవిద్యాలయ వైద్యులు టోకియో రోగుల లక్షణములను వార్తలలో విని గుర్తుపట్టిరి. వెంటనే టోకియో ఆసుపత్రులకు టెలిఫోను చేసి చికిత్సావిధానమును తెలిపిరి. ఒక ఊరి అనుభవము మరియొక ఊరికి ఔషధమైనది.

కావున ప్రతి విద్యార్థియు ఎరుగవలసినవి కొన్ని గలవు. దిక్కులేని సంచిని, తెలియని ద్రవమును తాకరాదు. విషవాయువు ఉన్నదను అనుమానము కలిగిన వెంటనే స్వచ్ఛమైన గాలిలోనికి పోవలెను. పైదుస్తులను తీసివేసి, సబ్బునీటితో శరీరమును కడుగుకొనవలెను. అధికారులకు వార్త పంపవలెను. వదంతిని నమ్మి పొరుగువానిని దోషిగా నిర్ణయింపరాదు. భీతిని పుట్టించుటయే ఉగ్రవాది ఉద్దేశము. ఏమి చేయవలెనో ముందుగా నెరిగిన ప్రజలలో ఆ భీతి అంత సులభముగా వ్యాపింపదు.