‘అయ్యా, హామెలిన్‌కు దారి చెప్తారా?’

నెదర్లాండ్స్‌లో కేఆర్ఓ ప్రసార సంస్థ 1972 నుంచి 1976 వరకు చూపిన పిల్లల సంగీత ధారావాహిక. పేరుకు తెలుగు అర్థమే ఈ శీర్షిక. రచన హారీ ఖేలెన్, సంగీతం యోప్ స్టోక్కర్మన్స్. 1284లో హామెలిన్ పిల్లలను పిల్లనగ్రోవివాడు తీసుకుపోయాడన్న జర్మన్ గాథ ముగిసిన చోట ఈ కథ మొదలవుతుంది: ఊరివాళ్లు కొందరు తప్పిపోయిన పిల్లలను వెతుక్కుంటూ మాయాలోకంలో అడుగుపెడతారు. గాయకుడు రాబ్ డె నైస్ ఇందులో బెర్ట్రామ్ అనే పాత్రలో నటించాడు. విషాదమేమిటంటే, చాలా భాగాల టేపులు చెరిగిపోయాయి. దక్కినవి కొన్నే. అయినా ఆనాటి పిల్లలు, నేటి తాతయ్యలూ అమ్మమ్మలూ, ఆ పాటలను మరచిపోలేదు. ఆ ప్రేమవల్లే 2003లో ఇది రంగస్థల సంగీత నాటకంగా మళ్లీ ప్రాణం పోసుకుంది.