పేరు ఒకచోట, ప్రాణం మరోచోట

ఓపెన్ ఆఫీస్ అన్న పేరు ఇంకా బతికే ఉంది. వెతుక్కుంటూ వెళ్లినవారికి ఈనాటికీ దొరుకుతుంది, కంప్యూటర్లోకి దిగుతుంది, తెరుచుకుంటుంది. కానీ ఆ పేరు వెనుక నిలిచి దాన్ని పెంచినవారిలో చాలామంది ఎప్పుడో వెళ్లిపోయారు. కొత్త సౌకర్యాలతో వచ్చిన చివరి పెద్ద విడుదల 4.1. అది 2014 ఏప్రిల్ నాటి మాట. తరువాత వచ్చినవన్నీ అతుకులే. ఈ కథ ఎక్కడికి చేరుతుందో తెలిసిందే. తెలిసినా చెప్పుకోవాలనిపిస్తుంది. దారి మళ్లగలిగిన మలుపులు ఇందులో అన్ని ఉన్నాయి మరి.

1985లో జర్మనీలో మార్కో బోరిస్ అనే పదహారేళ్ల కుర్రవాడు స్టార్‌డివిజన్ అనే చిన్న సంస్థ పెట్టాడు. రాతపనికి ఒక సాఫ్ట్‌వేర్ చేశాడు. అది పెరిగి స్టార్ ఆఫీస్ అయింది. 1999లో అమెరికాకు చెందిన సన్ మైక్రోసిస్టమ్స్ ఆ సంస్థను 7.35 కోట్ల డాలర్లకు కొన్నది. మరుసటి ఏడాది, 2000 అక్టోబరు 13న, దాని సోర్స్ కోడ్‌ను ఓపెన్ ఆఫీస్ పేరుతో లోకం ముందు పరిచింది. చదువుకోండి, మార్చుకోండి, పంచుకోండి అన్నది. ఆలనా పాలనా చూసే స్వతంత్ర ఫౌండేషన్ ఒకటి వస్తుందని కూడా అప్పట్లోనే మాట ఇచ్చింది.

ఆ మాట నిలబడి ఉంటే ఇది విషాద గాథ అయ్యేది కాదు.

ఆ రోజుల్లో పుట్టిన ఆశ ఎంత పెద్దదో తలచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. ఆఫీస్ సాఫ్ట్‌వేర్ కొనే స్తోమత లేనివాడు దొంగ కాపీతో బతకక్కర్లేదు. రాసుకున్నది ఏ కంపెనీ తాళంలోనూ చిక్కుకోనక్కర్లేదు. ఓపెన్ ఆఫీస్ ఫైలు రూపం ఓడీఎఫ్ 2006లో అంతర్జాతీయ ప్రమాణమయింది. మన దేశంలో కేంద్ర ప్రభుత్వం భారతీయ భాషల కోసం ఉచితంగా పంచిన సీడీల్లో భారతీయ ఓపెన్ ఆఫీస్ పేరుతో అది ఉండేది. తెలుగు మెనూలతో ఒక పూర్తి ఆఫీస్, పైసా ఖర్చు లేకుండా!

పాలమూరులోని తిమ్మాజిపేట లాంటి మండల కేంద్రానికి ఇది ఎంత పెద్ద మాటో ఊహించండి. పింఛను అర్జీ, భూమి దరఖాస్తు, పెళ్లి శుభలేఖ, బడి ప్రశ్నపత్రం — పాలమూరు పల్లెల రాతకోతలన్నీ చిన్న డీటీపీ దుకాణాల మీదుగానే నడిచాయి. అక్కడ టైపు చేసిన తెలుగు, ఆ ఫాంటు లేని మరో కంప్యూటర్లో తెరిస్తే పిచ్చిగీతలయ్యేది. ఒక దుకాణం మూతపడితే ఆ ఊరి కాగితాలు మూగబోయేవి. ఎవరికీ కట్టుబడని సాఫ్ట్‌వేర్, ఎక్కడైనా తెరుచుకునే తెలుగు అక్కడ స్థిరపడి ఉంటే!

ఓపెన్ ఆఫీస్ పునాదిలో పగులు మాత్రం మొదటినుంచీ ఉంది. ఊరూ పేరూ లేని స్వచ్ఛంద కార్యకర్త రాత్రంతా కూర్చుని ఒక లోపం సరిదిద్దితే, దానిమీద హక్కులో సన్‌కు వాటా రాసివ్వవలసి వచ్చేది. అందరిదీ అన్న ఇంటికి తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉండేది. అలాంటి సవరణలు, అంటే ప్యాచ్‌లు, నెలల తరబడి ఎదురుచూశాయి. విసిగినవాళ్లు గో-ఊ అని వేరే కూర్పు చేసుకుని, తమ మార్పులన్నీ అందులో పోగేసుకున్నారు. ఇల్లు లోలోపల అప్పుడే రెండుగా చీలుతోంది. అయినా జనాదరణ తగ్గలేదు. 2008 అక్టోబరులో 3.0 విడుదలైన రోజు జనం తాకిడికి సర్వర్లు చతికిలబడ్డాయి. అంత ప్రేమ ముంగిట నిలిచిన ఆ వేళ తాళం తీసి అందరి చేతుల్లో పెట్టి ఉండవలసింది. పెట్టలేదు.

2010 జనవరిలో సన్‌ను ఒరాకిల్ కొన్నది. ఆ ఆగస్టుకల్లా సన్ నీడన పెరిగిన మరో ఉమ్మడి సాఫ్ట్‌వేర్ ఓపెన్‌సోలారిస్‌ను ఆపేసింది. తరువాతి వంతు ఎవరిదన్న భయం కమ్ముకుంది. సెప్టెంబరు 28న ఓపెన్ ఆఫీస్ సంఘంలోని పెద్దలు కొందరు ది డాక్యుమెంట్ ఫౌండేషన్ స్థాపించారు. పదేళ్ల కిందటి మాటను తామే నెరవేర్చబూనారు. వెళుతూ వెళుతూ కూడా తలుపు మూయలేదు. ఒరాకిల్‌ను రమ్మన్నారు, పాత పేరును ఫౌండేషన్‌కు ఇమ్మన్నారు. అది వచ్చేదాకా తాత్కాలికంగా లిబ్రె ఆఫీస్ అని పెట్టుకున్నారు.

పేరు రాలేదు. అక్టోబరులో, కొత్త ఫౌండేషన్‌లో చేరినవారిని సంఘపు మండలి నుంచి తప్పుకోమన్నారు. ఏళ్లపాటు ఒకే బల్ల చుట్టూ కూర్చున్నవారిని పరాయివారని తేల్చేశారు. జర్మన్ బృందం నుంచి 30 మందికి పైగా ఒక్కసారిగా సెలవు తీసుకున్నారు. ఒక్క ఆహ్వానానికి ఒక్క మంచి జవాబు చాలు కదా, ఆ నెల ఇంకోలా గడిచేది!

ఇంకో అవకాశం కూడా వచ్చింది. 2011 ఏప్రిల్‌లో ఒరాకిల్ ఈ వ్యాపారం తనకు వద్దన్నది. పేరు తిరిగి తన మనుషుల దగ్గరికి చేరవలసిన ఘడియ అది. కానీ జూన్‌లో ఒరాకిల్ దాన్ని అపాచీ ఫౌండేషన్‌కు అప్పగించింది, ఐబీఎం దన్నుగా నిలిచింది. బావి ఒకరి వాటాకు, చేను మరొకరి వాటాకు పడ్డ అన్నదమ్ముల పంపకంలా, పేరు అటు, పనిచేసే చేతులు ఇటు మిగిలాయి. లైసెన్సుల తేడా ఆ గోడను మరింత ఎత్తు చేసింది. ఓపెన్ ఆఫీస్ కోడ్‌ను లిబ్రె ఆఫీస్ తీసుకోవచ్చు. లిబ్రె ఆఫీస్‌లో జరిగిన పనిని తీసుకోవడానికి అపాచీ నియమాలు ఒప్పుకోవు.

అక్కడ మిగిలినవారిని తప్పుపట్టడానికి మనసొప్పదు. కొద్దిమందే అయినా దీపం ఆరకుండా చూశారు. ఐబీఎం మనుషులు తగ్గిపోయాక లక్షలాది పంక్తుల కోడ్ వాళ్ల నెత్తిన పడింది. 2016 జూలైలో ఒక భద్రతా లోపం బయటపడితే, దాన్ని సరిచేసిన పూర్తి విడుదల అక్టోబరుకు గానీ రాలేదు. ఈలోగా సెప్టెంబరులో, ప్రాజెక్టును నడిపిస్తున్న డెనిస్ హామిల్టనే, గౌరవంగా మూసేయాలంటే ఏం చేయాలో చర్చకు పెట్టాడు. ఎంత బరువుతో అడిగి ఉంటాడో! ఆ చర్చ నిర్ణయం దాకా రాలేదు.

2020 అక్టోబరులో, ఇరవయ్యో పుట్టినరోజు ముంగిట, లిబ్రె ఆఫీస్ వారు అపాచీలోని ఓపెన్ ఆఫీస్ వారికి బహిరంగ లేఖ రాశారు. మీ దగ్గరికి వచ్చేవారికి మేమున్నామని ఒక్క మాట చెప్పండి అన్నారు. అదే నెలలో అపాచీ తన 30 కోట్ల డౌన్‌లోడ్లను పండుగ చేసుకుంది. ఆ లెక్కలో ఒక్కొక్కరూ పాత పేరును నమ్మి వచ్చినవారే. లోపల జరిగిన పంపకం వారికి తెలియదు, ఎవరూ చెప్పలేదు.

నా దుఃఖమంతా వారి గురించే. కోడ్ బతికింది, లిబ్రె ఆఫీస్‌గా పెరుగుతోంది, అందుకు సంతోషమే. పోయినది కోడ్ కాదు, పదేళ్ల నమ్మకం. ఊరూరా పాకిన ఆ ఒక్క పేరుతోపాటు అది పోయింది. కొత్త పేరు మళ్లీ గుమ్మం గుమ్మానా చెప్పుకుంటూ రావలసి వచ్చింది. అందరి చెమటతో కట్టినదాని పేరును మొదటి రోజే అందరి పేరున రాయాలి. 2000లో ఒక్క సంతకంతో అయిపోయేది ఆ పని.