తేమగాలిలో ఉంగరాల జుట్టు

వానాకాలపు గాలి తగిలిన వెంటనే ఉంగరాల జుట్టు పొంగి రేగుట అందరును ఎరిగిన విషయమే. ఉదయమున నునుపుగా దువ్విన తల మధ్యాహ్నమునకు గుబురుగా తయారగును. సముద్రతీరపు ఊళ్లలో ఇది ఇంకను ఎక్కువ. ఇట్టి జుట్టును మాట వినని జుట్టు అని నిందించుట వాడుక. కాని అది నిజముగా చేయుచున్న పని వేరు. అది గాలిలోని తేమను కొలుచుచున్నది. వెంట్రుకకు గల ఈ గుణమును 1783 లోనే ఒక శాస్త్రజ్ఞుడు లోకమునకు చూపెను. వాతావరణ శాస్త్రము దానిని వెంటనే ఉపయోగించుకొన్నది. ఉంగరాల జుట్టుగల మనుష్యులకు మాత్రము ఆ జ్ఞానము వలన మేలు కలుగుటకు చాల కాలము పట్టినది.

వెంట్రుకతో తేమను కొలుచుట

హొరేస్ బెనెడిక్ట్ ద సోస్యూర్ (1740–1799) జెనీవా నగరమునకు చెందినవాడు. ఆల్ప్సు పర్వతములందలి శిలలను, హిమానీనదములను, గాలిని శ్రద్ధతో పరిశీలించినవాడు. గాలిలోని తేమను కొలుచుటకు తగిన సాధనము కొరకు వెదకి, చివరకు మనుష్యుని వెంట్రుకను ఎన్నుకొనెను. 1783లో అచ్చయిన తన గ్రంథములో ఆ సాధనమును వర్ణించెను. వెంట్రుక ఒక కొన కదలకుండ బిగింపబడి యుండును. రెండవ కొన ఒక చిన్న కప్పికి చుట్టబడి, తేలికయైన బరువుతో లాగబడుచుండును. గాలి తేమగా ఉన్నపుడు వెంట్రుక సాగును; పొడిగా ఉన్నపుడు కుంచించుకొనును. ఆ కదలికకు కప్పి తిరుగును, దానికి అమర్చిన ముల్లు అంకెలపై జరుగును. పూర్తిగా పొడియైన గాలికి 0, తేమతో నిండిన గాలికి 100 అని ఆయన గుర్తులు పెట్టెను.

వెంట్రుక సాగుదల మిక్కిలి స్వల్పము. పూర్తిగా పొడిగాలి నుండి తేమతో నిండిన గాలిలోనికి వచ్చునపుడు దాని పొడవు నూటికి సుమారు రెండు, రెండున్నర వంతులు మాత్రమే పెరుగును. అనగా 20 సెంటీమీటర్ల వెంట్రుక నాలుగైదు మిల్లీమీటర్లు సాగును. కప్పియు, ముల్లును ఈ చిన్న మార్పును పెద్దదిగా చేసి కంటికి చూపును. 1787లో సోస్యూర్ మాంట్ బ్లాంక్ శిఖరమును ఎక్కినపుడు తన సాధనములను వెంట తీసికొనిపోయెను. తరువాత వంద సంవత్సరములకు పైగా వాతావరణ కేంద్రములలో వెంట్రుక ఆర్ద్రతామాపకములు పనిచేసినవి.

ఈ సాధనమును తయారుచేయుటలో ఒక మెలకువ కలదు. తలనుండి తీసిన వెంట్రుకకు సహజమైన జిడ్డు అంటుకొని యుండును. జిడ్డు ఉన్నంతవరకు వెంట్రుక తేమకు వెంటనే లొంగదు. కావున సోస్యూర్ వెంట్రుకలను సోడా కలిపిన నీటిలో కాచి ఆ జిడ్డును పోగొట్టెను. జిడ్డు పోయిన వెంట్రుక గాలిలోని ప్రతి మార్పునకు చలించును. కేశరక్షణకు కావలసిన ముఖ్యమైన పాఠము ఈ మెలకువలోనే ఇమిడి యున్నది. సాధనమునకు జిడ్డు శత్రువు. తలకు అది మిత్రము.

ఈ ప్రయోగమును ఉన్నత పాఠశాలలోను చేయవచ్చును. పొడవైన వెంట్రుకను సోడా నీటితో కడిగి ఆరబెట్టవలెను. ఒక కొనను చెక్కకు అతికించి, రెండవ కొనను నూలు కండె వంటి చిన్న కప్పికి చుట్టి, చిన్న బరువు కట్టవలెను. కండెకు ఈనెపుల్లను ముల్లుగా గుచ్చవలెను. దగ్గరలో తడిగుడ్డను ఉంచి, పిమ్మట దానిని తీసివేసినచో ముల్లు అటునిటు జరుగుట విద్యార్థులు చూడగలరు.

వెంట్రుక లోపల జరుగునది

వెంట్రుక కెరటిన్ అను మాంసకృత్తుతో ఏర్పడినది. 1930 తరువాతి సంవత్సరములలో ఇంగ్లండులోని లీడ్సు విశ్వవిద్యాలయమున ఆస్ట్‌బరీ ఉన్నిపై, వెంట్రుకలపై ఎక్స్ కిరణములను ప్రసరింపజేసి కెరటిన్ నిర్మాణమును పరిశోధించెను. 1951లో అమెరికాలో లైనస్ పాలింగ్, ఆయన సహచరులు ఇట్టి మాంసకృత్తులలోని అణువులు స్ప్రింగు చుట్టలవలె మెలికలు తిరిగి యుండునని వివరించిరి. ఆ చుట్టలను, వాటి పక్కవాటిని పట్టి ఉంచు బంధములు ముఖ్యముగా రెండు రకములు. ఉదజని బంధములు బలహీనమైనవి, కాని సంఖ్యలో అపారము. గంధక బంధములు బలమైనవి.

నీటి అణువులు వెంట్రుకలోనికి చొరబడినపుడు ఉదజని బంధములు తెగి, కొత్త చోట్ల మరల ఏర్పడును. తేమతో నిండిన గాలిలో వెంట్రుక తన బరువులో నూటికి సుమారు 30 వంతుల నీటిని పీల్చుకొనగలదు. అపుడది పొడవునకంటె లావునకే ఎక్కువగా ఉబ్బును. గంధక బంధములు మాత్రము నీటికి చెక్కుచెదరవు. ఉంగరము యొక్క అసలు ఆకృతి చర్మములోని రోమకూపపు వంపువలన, వెంట్రుక పెరుగుచుండగనే ఏర్పడి, ఆ బంధములతో స్థిరపడి యుండును. కావున దువ్వి చదును చేసిన ఉంగరాల జుట్టు తేమ తగులగానే తన సహజరూపమునకు తిరిగి వచ్చును. ప్రతి వెంట్రుకయు తన వంపును తాను తిరిగి పొందుటచే ఒకదానితో ఒకటి కలిసి ఉండక జుట్టు రేగును.

ఉంగరాల జుట్టుకు మరియొక ఇబ్బంది కలదు. తలచర్మమున ఊరు జిడ్డు తిన్నని వెంట్రుకపై సులభముగా కిందికి జారును; మెలికలు తిరిగిన వెంట్రుకపై అంత సులభముగా పాకజాలదు. అందుచే అట్టి జుట్టు కొనలు తరచు పొడిబారి యుండును. సోస్యూర్ సోడా నీటితో కాచి కల్పించిన స్థితి ఉంగరాల జుట్టుకు కొంతవరకు సహజముగనే ఏర్పడుచున్నదన్నమాట.

లూసియానా కథ

సోస్యూర్ గ్రంథము వెలువడిన మూడేండ్లకు, అట్లాంటిక్ మహాసముద్రమునకు ఆవల, ఇట్టి జుట్టు ఒక శాసనమునకు గురియైనది. మిసిసిపీ నది సముద్రములో కలియు లూసియానా ప్రాంతము ఉక్కకు, తేమకు పేరుపొందినది. ఆ కాలమున అది స్పెయిను పాలనలో ఉండెను. 1786లో గవర్నరు ఎస్తెబాన్ మీరో ఆఫ్రికా సంతతికి చెందిన స్వతంత్ర స్త్రీలు తమ జుట్టును తలగుడ్డతో కప్పుకొనవలెనని ఆజ్ఞాపించెను. ఆ తలగుడ్డకు టిన్యన్ అని పేరు. జుట్టు అందముగా కనబడుట వలన ఆ స్త్రీలు తెల్లవారితో సమానముగా తిరుగుచున్నారనుటయే ఆ ఆజ్ఞకు మూలము. కాని వారు రంగురంగుల వస్త్రములతో, నగలతో ఆ తలగుడ్డనే అలంకారముగా మార్చుకొనిరి.

అదే లూసియానాలోని డెల్టా గ్రామము దగ్గర 1867లో సారా బ్రీడ్‌లవ్ జన్మించెను. ఆమె తలిదండ్రులు అంతకుముందు బానిసలు. ఏడేండ్లకే తలిదండ్రులను పోగొట్టుకొని, పిమ్మట సెయింట్ లూయీ నగరమున బట్టలుతికి బ్రతికెను. ఆనాటి పేదల ఇండ్లలో కుళాయి నీరు లేదు, తలంటు అరుదు, తలచర్మ వ్యాధులు ఎక్కువ. సారా జుట్టు కూడ రాలిపోయెను. అదే నగరమున ఆనీ టర్న్‌బో అను స్త్రీ నల్లజాతి స్త్రీల కొరకు కేశ లేపనములు తయారుచేసి అమ్ముచుండెను. సారా మొదట ఆమె వస్తువులను అమ్మి, తరువాత తానే గంధకము, పెట్రోలియం జెల్లీ మొదలగువానితో లేపనము తయారుచేసి, వివాహము పిమ్మట 1906 నుండి మేడమ్ సి. జె. వాకర్ అను పేరుతో ప్రసిద్ధికెక్కెను. తలను తరచు శుభ్రపరచుట, చర్మమునకు మందు పట్టించుట ఆమె బోధించిన పద్ధతి. 1919లో ఆమె మరణించునాటికి వేలాది నల్లజాతి స్త్రీలకు ఆ వృత్తి జీవనాధారమైనది.

తన పని జుట్టును తిన్నగా చేయుట కాదని, తలను ఆరోగ్యముగా ఉంచుటయేనని ఆమె చెప్పుచుండెను. ఐనను ఆ పద్ధతిలో కాచిన ఇనుప దువ్వెనయు ఉండెను. వేడికి వెంట్రుకలోని నీరు ఆవిరియై, ఉదజని బంధములు తిన్నని ఆకృతిలో మరల ఏర్పడును. కాని చెమటకో, వానగాలికో ఆ బంధములు తెగి ఉంగరములు తిరిగి వచ్చును. తేమదేశమున కాచిన దువ్వెన ఎన్నటికిని గెలువలేని పోరాటము.

ఈ ఓటమిని తప్పించుకొనుటకు పిమ్మట గంధక బంధములనే మార్చివేయు క్షారలేపనములు వచ్చినవి. కాస్టిక్ సోడా గల ఈ లేపనములు జుట్టును శాశ్వతముగా తిన్నగా చేయును; కాని చర్మమును కాల్చగలవు, వెంట్రుకను బలహీనపరచును. 2022లో అమెరికాలో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో సుమారు 33,500 మంది స్త్రీలను పరిశీలించిరి. జుట్టును తిన్నగా చేయు రసాయనములను తరచు వాడినవారిలో గర్భాశయ క్యాన్సరు ఎక్కువగా కనబడెను. రసాయనములే కారణమని ఇంకను రుజువు కాలేదు. కాని హెచ్చరికకు అది చాలును.

జుట్టు స్వభావమునకు తగిన రక్షణ

ఉంగరాల జుట్టును గెలువవలసిన పని లేదు. తేమ దానిలోనికి మెల్లగా చేరునట్లు చూచిన చాలును. పలుచని నూనెపొర ఆ పని చేయును. 2003లో ప్రచురితమైన ఒక భారతీయ పరిశోధన కొబ్బరినూనె వెంట్రుకలోనికి ఇంకి, తలంటునపుడు కలుగు మాంసకృత్తుల నష్టమును తగ్గించునని, పొద్దుతిరుగుడు నూనె, ఖనిజ తైలము అట్లు చేయలేదని చూపినది. తేమగాలి వీచు కోనసీమలో కొబ్బరితోటల నడుమ తలకు నూనె రాచుకొను అలవాటునకు ఈ విధముగా శాస్త్రాధారము కలదు. ఘాటైన సబ్బులతో పదేపదే జిడ్డు వదలగొట్టుట తగదు. జుట్టు తడిగా ఉన్నపుడే, పళ్ళు ఎడముగా నున్న దువ్వెనతో, కొనలనుండి పైకి చిక్కు తీయవలెను. తువాలుతో గట్టిగా రుద్దక, నీటిని మెల్లగా ఒత్తి తీయవలెను.

శాసనములు కూడ క్రమముగా మారుచున్నవి. అమెరికాలో జుట్టు రూపమును సాకుగా చూపి పిల్లలను బడులనుండి, పెద్దలను ఉద్యోగములనుండి తిప్పిపంపిన సందర్భములు కలవు. ఇట్టి వివక్షను 2019లో మొదట కాలిఫోర్నియా రాష్ట్రము చట్టముచే నిషేధించినది. 2022లో లూసియానా కూడ అట్టి చట్టమునే చేసినది. టిన్యన్ ఆజ్ఞ వెలువడిన గడ్డపైనే, 236 సంవత్సరముల తరువాత, సహజమైన జుట్టుతో తలయెత్తి తిరుగుట హక్కుగా గుర్తింపబడినది.

వానాకాలమున తరగతిలో ఒక విద్యార్థిని జుట్టు రేగి కనబడినచో అది అశ్రద్ధకు గుర్తు కాదు. గోడకు తగిలించిన ఆర్ద్రతామాపకము ఏ నియమమునుబట్టి పనిచేయునో, ఆ జుట్టును అదే నియమమునుబట్టి పనిచేయుచున్నది.