షా కమిషన్

ఎమర్జెన్సీ (1975–77) కాలంలో జరిగిన అధికార దుర్వినియోగాన్ని విచారించడానికి ఆ తర్వాత అధికారంలోకి వచ్చిన జనతా ప్రభుత్వం 1977 మే 28న నియమించిన ఏకసభ్య సంఘం షా కమిషన్. సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి జయంతీలాల్ ఛోటాలాల్ షా దీన్ని నడిపారు. దేశాన్ని ఏలిన ప్రధాని నిర్ణయాలపై సాక్షులను పిలిచి, జనం ఎదుట ఇంత విస్తృతంగా విచారణ జరపడం స్వతంత్ర భారతంలో అదే మొదటిసారి.

1975 జూన్ 12న అలహాబాద్ హైకోర్టు న్యాయమూర్తి జగ్‌మోహన్ లాల్ సిన్హా రాయ్‌బరేలీ నుంచి ప్రధాని ఇందిరాగాంధీ ఎన్నిక చెల్లదని తీర్పు చెప్పారు. పదమూడు రోజులకు, 25వ తేదీ రాత్రి, రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ ఎమర్జెన్సీ ప్రకటనపై సంతకం పెట్టారు. మంత్రివర్గానికి సంగతి తెలిసింది మర్నాడు ఉదయమే. ఆ రాత్రి ఏం జరిగిందో కమిషన్ ఎదుట చెప్పిన వారిలో అప్పటి హోంమంత్రి, ఆంధ్రప్రదేశ్ మాజీ ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి ఒకరు. రాత్రి పదిన్నర వేళ ప్రధాని ఇంటికి పిలిపించారనీ, 1971 నాటి ఎమర్జెన్సీ అమల్లోనే ఉంది కదా, ఆ అధికారాలు చాలవా అని తాను అన్నాననీ, చివరకు రాష్ట్రపతికి పంపే లేఖపై సంతకం చేశాననీ ఆయన వివరించారు. శాంతిభద్రతలు చూడవలసిన మంత్రికే అంతవరకు ఏమీ తెలియదంటే, నిర్ణయం ఎవరిదో వేరే చెప్పనక్కర్లేదు.

ఢిల్లీ పటియాలా హౌస్‌లో బహిరంగ విచారణ సాగింది. 1978 మార్చి, ఏప్రిల్, ఆగస్టు నెలల్లో మూడు నివేదికలు వచ్చాయి. ఎమర్జెన్సీ అవసరమయ్యేంత ప్రమాదం దేశంలో ఉన్నట్లు ఏ అధికారిక నివేదికా చెప్పలేదని కమిషన్ తేల్చింది. పత్రికాఫీసులకు కరెంటు తీసేయించడం, ఢిల్లీలో తుర్క్‌మన్ గేట్ దగ్గర ఇళ్లు కూల్చి కాల్పులు జరపడం ఆ నివేదికల్లో నమోదయ్యాయి. విచారణ లేకుండా నిర్బంధించే వీలిచ్చిన మీసా చట్టం కింద 34,988 మందిని, భారత రక్షణ నిబంధనల కింద 75,818 మందిని నిర్బంధించారు. అన్నిటికంటే గుండె కలచివేసేది కుటుంబ నియంత్రణ అధ్యాయం. 1976–77లో లక్ష్యం 43 లక్షల ఆపరేషన్లయితే 81 లక్షలు చేశారు. ఆపరేషన్ల వల్ల 1,774 మంది చనిపోయినట్లు ఫిర్యాదులు అందాయి. పెళ్లికాని వారిని కూడా వదల్లేదు. పై నుంచి ఒత్తిడి వస్తే కలెక్టరు నుంచి బడిపంతులు దాకా యంత్రాంగం ఎలా లొంగిపోయిందో ఈ పుటలు చెబుతాయి.

1978 జనవరిలో కమిషన్ ముందుకు వచ్చిన ఇందిరాగాంధీ ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పడానికి నిరాకరించారు. దానిపై పెట్టిన కేసు నిలవలేదు. విచారణ సంఘానికి నిజం తేల్చే అధికారమే తప్ప శిక్షించే అధికారం లేదు. శిక్ష కోసం 1979లో ప్రత్యేక కోర్టుల చట్టం వచ్చింది గానీ, ఆలస్యంగా వచ్చింది. అంతర్గత కలహాలతో ఆ జులైలోనే జనతా ప్రభుత్వం కూలింది. 1980 జనవరి ఎన్నికల్లో ఇందిరాగాంధీ తిరిగి ప్రధాని అయ్యారు; రాయ్‌బరేలీతో పాటు గెలిచిన మెదక్‌నే తన స్థానంగా ఉంచుకున్నారు. కేసులు వీగిపోయాయి. బాధితులకు జరిగిన అన్యాయంపై ఇది రెండో అన్యాయం, దీనికి జనతా నాయకుల అలసత్వం కూడా కారణమే.

ఆంధ్రప్రదేశ్‌లో ఎమర్జెన్సీ నాటి నక్సలైట్ ఎన్‌కౌంటర్లపై ఏర్పడిన జస్టిస్ భార్గవ కమిషన్‌కు ఆ మాత్రం ముగింపు కూడా దక్కలేదు. విచారణ బహిరంగంగా సాగడం రాష్ట్ర ప్రభుత్వానికి ఇష్టం లేకపోవడంతో మధ్యలోనే ఆగిపోయింది.

శిక్షలు పడకపోయినా రాజ్యాంగం మారింది. 1978 నాటి 44వ సవరణ, ఎమర్జెన్సీ విధించడానికి కారణంగా ఉన్న ‘అంతర్గత అలజడి’ స్థానంలో ‘సాయుధ తిరుగుబాటు’ అన్న షరతు పెట్టింది. మంత్రివర్గ నిర్ణయం లిఖితపూర్వకంగా అందితే తప్ప రాష్ట్రపతి ఎమర్జెన్సీ ప్రకటించరాదంది. జీవించే హక్కును ఎమర్జెన్సీలోనూ సస్పెండ్ చేయకూడదంది. ఇక షా కమిషన్ నివేదిక విషయానికొస్తే, 1980 తర్వాత దాని ప్రతులు దొరకడం గగనమైంది. మాజీ పార్లమెంటు సభ్యుడు ఇరా సెళియన్ 2010లో దాన్ని మళ్లీ అచ్చు వేయించారు.