ఇంట్లో పెద్ద ఫోటో ముద్రణ: యంత్రం ధర, ఇంకు ఖర్చు – ఒక చారిత్రక పరిశీలన

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- ఇంక్‌జెట్ ఫోటో ముద్రణ ఏయే దశల్లో ఎదిగిందో వివరించగలుగుతారు.
- ముద్రణ ఖర్చు యంత్రం నుంచి ఇంకుకు ఎందుకు మారిందో, మళ్లీ యంత్రానికి ఎలా తిరిగివచ్చిందో చర్చించగలుగుతారు.
- పెద్ద సైజు ఫోటో ప్రింటర్ కొనాలా వద్దా అన్నది సొంతంగా లెక్క వేసుకోగలుగుతారు.

1. పరిచయం

మన ఇళ్లలో కనిపించే పెద్ద ఫోటో ఏది? చాలా ఇళ్లలో అది గోడ మీద దండ వేసిన తాతగారిదో నాయనమ్మదో అయి ఉంటుంది. ఏదో పెళ్లిలో తీసిన చిన్న బొమ్మను పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి పెడతాం. అది మరో తరం దాకా నిలవాలని మన కోరిక. ఒకప్పుడు ఈ పనికి స్టూడియోకు వెళ్లక తప్పేది కాదు. ఇప్పుడు 13 అంగుళాల వెడల్పు కాగితం మీద, అంటే ఏ3 ప్లస్ సైజులో, ఇంట్లోనే ముద్రించుకోవచ్చు. 17 అంగుళాల వెడల్పు యంత్రాలు కూడా బల్ల మీద పట్టేవి ఉన్నాయి.

మీలో కొందరు ఫోటోగ్రఫీతో కొంత సంపాదించాలని అనుకుంటూ ఉండవచ్చు. ప్రింటర్ కొనాలనుకునేవారు మొదట అడిగేది దాని ధర. చరిత్ర చూస్తే అడగవలసిన ప్రశ్న అది కాదని తెలుస్తుంది. ముద్రణ ఖర్చును కంపెనీలు కొంతకాలం యంత్రం ధరలో పెట్టాయి, కొంతకాలం ఇంకు ధరలో దాచాయి. ఏ యంత్రంలో ఆ ఖర్చు ఎక్కడుందో గుర్తించడమే సరైన ఎంపికకు మొదటి మెట్టు.

2. ఇంక్‌జెట్‌కు ముందు

రాజా దీన్‌దయాళ్ 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో తెరిచారు. ఆనాడు ఎక్కువగా వాడిన ఆల్బుమెన్ కాగితానికి కాంతిని గ్రహించే శక్తి తక్కువ. అందుచేత గాజు నెగెటివ్‌ను కాగితానికి ఆనించి ఎండలో ఉంచేవారు. నెగెటివ్ ఎంత ఉంటే ఫోటో అంతే వచ్చేది. పెద్ద ఫోటో కావాలంటే పెద్ద పలక, దాన్ని మోసే పెద్ద కెమెరా కావాలి. కాగితం మీద బొమ్మను నిలిపేది వెండి. దాని రంగు, మన్నిక పెంచడానికి బంగారు లవణం కూడా వాడేవారు. అంటే ఫోటోలో పదార్థం ఖర్చు కొత్తగా పుట్టిన సమస్య కాదు.

తరువాత ఎన్‌లార్జర్ వాడుకలోకి వచ్చి చిన్న నెగెటివ్ నుంచి పెద్ద ఫోటో తీయడం సులువైంది. అయితే రంగుల ముద్రణకు రసాయనాల ఉష్ణోగ్రతను కచ్చితంగా కాపాడాలి. ఆ పని ఇంట్లో కష్టం కావడంతో అది కలర్ ల్యాబుల చేతిలోకి వెళ్లింది. ఫోటో తీసిన మనిషికి, ముద్రించే మనిషికి మధ్య దూరం పెరిగింది. ఆ దూరాన్ని తగ్గించినది ఇంక్‌జెట్.

3. ఇంక్‌జెట్ పుట్టుక

ఇంకును తాకకుండా కాగితం మీదికి పంపాలన్న ఆలోచన పాతదే. తరువాత లార్డ్ కెల్విన్‌గా పేరు పొందిన విలియం థామ్సన్, టెలిగ్రాఫ్ సంకేతాలను నమోదు చేయడానికి 1867లో సైఫన్ రికార్డర్‌కు పేటెంట్ తీసుకున్నాడు. స్వీడన్‌కు చెందిన రూనె ఎల్మ్‌క్విస్ట్ 1951లో పేటెంట్ పొందిన పరికరం వైద్య సంకేతాలను ఇంకు ధారతో గీసేది. ఈ రెండింటి పనీ గీతలు గీయడమే. బొమ్మలు వేయడం కాదు.

మనం నేడు వాడే ఇంక్‌జెట్‌కు రెండు మార్గాలు ఉన్నాయి.

మొదటిది వేడి మార్గం. సన్నని రంధ్రంలోని ఇంకును క్షణంలో వేడి చేస్తే బుడగ పుట్టి, బొట్టును బయటికి నెడుతుంది. జపాన్‌లో కానన్ సంస్థ 1977లో, అమెరికాలో హ్యూలెట్ ప్యాకర్డ్ ఆ తరువాత కొద్దికాలంలో విడివిడిగా దీన్ని కనుగొన్నాయి. హ్యూలెట్ ప్యాకర్డ్ 1984లో థింక్‌జెట్‌ను, కానన్ 1985లో బీజే-80ని మార్కెట్లోకి తెచ్చాయి.

రెండవది పీజో మార్గం. విద్యుత్తు తగిలినప్పుడు వంగే పదార్థంతో ఇంకును నెడతారు. ఎప్సన్ ఈ దారి పట్టింది. 1994లో ఆ సంస్థ తెచ్చిన స్టైలస్ కలర్ అంగుళానికి 720 చుక్కల స్పష్టతతో ముద్రించి, ఇంట్లో ఫోటో ముద్రణ సాధ్యమేనన్న నమ్మకం కలిగించింది. 1996-97 నాటికి లేత నీలం, లేత మెజెంటా చేర్చిన ఆరు రంగుల ప్రింటర్లు వచ్చాయి. దానితో ముఖాల లేత ఛాయల్లో కనిపించే చుక్కలు చాలావరకు తగ్గాయి.

ఈ రెండు మార్గాల తేడా మీ జేబుకు కూడా సంబంధించినదే. హ్యూలెట్ ప్యాకర్డ్ తొలి యంత్రాల్లో ముద్రణ హెడ్ కార్ట్రిడ్జిలోనే ఉండేది. అది చెడితే కార్ట్రిడ్జితో పాటే పోతుంది. ఎప్సన్ హెడ్ యంత్రంలోనే స్థిరంగా ఉంటుంది. అందువల్ల ఇంకు సరఫరా చవక చేయవచ్చు కాని, హెడ్ పూడుకుపోతే యంత్రానికే ముప్పు.

4. పెద్ద ముద్రణ: ఐరిస్ అనుభవం

పెద్ద సైజు ఫోటో ముద్రణ కథ ఇళ్లలో మొదలు కాలేదు. పుస్తకాలు, ప్రకటనలు అచ్చు వేసే ముందు రంగులు సరిచూసుకోవడానికి అమెరికాలో ఐరిస్ అనే పెద్ద ఇంక్‌జెట్ యంత్రం వాడేవారు. సంగీతకారుడు, ఫోటోగ్రాఫర్ గ్రాహం నాష్ ఐరిస్ 3047 యంత్రాన్ని 1,26,000 డాలర్లకు కొని, మాక్ హోల్బర్ట్‌తో కలిసి 1991లో కాలిఫోర్నియాలో నాష్ ఎడిషన్స్ అనే కళా ముద్రణశాలను నెలకొల్పాడు. ఆ యంత్రం 2005లో వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంకు చేరింది.

ఇక్కడ గమనించవలసినవి రెండు. ఆ దశలో ఖర్చు అంతా యంత్రంలోనే ఉంది. సామాన్యుడికి అందేది కాదు. రెండవది, తొలి ఐరిస్ ఇంకులు వెలుతురుకు త్వరగా వెలిసిపోయేవి. ఇంత ధర పెట్టి ముద్రించిన చిత్రం నిలవకపోతే కొన్నవారికి మిగిలేదేమిటి? ఈ ప్రశ్నే మన్నిక పరిశోధనకు ఊపునిచ్చింది.

5. ధర యంత్రం నుంచి ఇంకుకు

1988లో హ్యూలెట్ ప్యాకర్డ్ డెస్క్‌జెట్ ధర సుమారు 1,000 డాలర్లు. తరువాతి పదిహేనేళ్లలో ఇంటి ప్రింటర్ల ధరలు బాగా పడిపోయాయి. యంత్రాన్ని తక్కువ లాభానికి, ఒక్కోసారి లాభమే లేకుండా అమ్మి, ఇంకు మీద సంపాదించే పద్ధతి స్థిరపడింది. రేజరు చవకగా ఇచ్చి బ్లేడు మీద లాభం తీసే వ్యాపారంతో దీన్ని పోలుస్తారు.

ఈ పద్ధతి నిలవాలంటే కొన్నవాడు బయటి ఇంకు వాడకూడదు. అందుకే కార్ట్రిడ్జి మీద చిప్పులు వచ్చాయి. 2016 సెప్టెంబరులో హ్యూలెట్ ప్యాకర్డ్ వారి కొన్ని ఆఫీస్‌జెట్ ప్రింటర్లలో ఇతర తయారీదారుల కార్ట్రిడ్జిలు ఒక్కసారిగా పనిచేయడం మానేశాయి. విమర్శలు రావడంతో ఆ అడ్డును తొలగించే సాఫ్ట్‌వేర్‌ను సంస్థ తరువాత అందుబాటులో ఉంచింది. 2017లో అమెరికా సుప్రీంకోర్టు, లెక్స్‌మార్క్ టోనర్ కార్ట్రిడ్జిలకు సంబంధించిన వ్యాజ్యంలో, వస్తువును అమ్మిన తరువాత దానిపై పేటెంట్ హక్కు ముగుస్తుందని తీర్పు చెప్పింది. అది లేజర్ ప్రింటర్ వివాదమే అయినా వెనుక ఉన్న ప్రశ్న ఒక్కటే: డబ్బు చెల్లించి కొన్న వస్తువు మీద అధికారం ఎవరిది?

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
(అ) వేడి మార్గానికి, పీజో మార్గానికి తేడా ఏమిటి?
(ఆ) చవక ప్రింటర్ వ్యాపారంలో లాభం ఎక్కడి నుంచి వస్తుంది?

6. మన్నిక: డై, పిగ్మెంట్

ఇంకులు ముఖ్యంగా రెండు రకాలు. డై ఇంకులో రంగు ద్రవంలో పూర్తిగా కరిగి ఉంటుంది. మెరిసే కాగితం మీద రంగులు నిండుగా వస్తాయి. పిగ్మెంట్ ఇంకులో రంగు సన్నని రేణువులుగా ఉంటుంది. కాంతిని, గాలిని ఇది ఎక్కువగా తట్టుకుంటుంది.

2000 సంవత్సరంలో ఈ తేడా బయటపడింది. ఎప్సన్ స్టైలస్ ఫోటో 870, 1270 నమూనాలు అందమైన ఫోటోలు ఇచ్చాయి. కాని కొన్ని ఇళ్లలో అవి కొద్ది రోజుల్లోనే నారింజ రంగుకు తిరిగాయి. గాలిలోని ఓజోన్ నీలం డైని తినేయడమే కారణం. అదే ఏడాది వచ్చిన స్టైలస్ ఫోటో 2000పీ పిగ్మెంట్ ఇంకుతో మన్నిక సాధించింది. అయితే దాని ఫోటోలు దీపం కింద ఒకలా, పగటి వెలుగులో పచ్చదనంతో మరోలా కనిపించేవి. 2002లో వచ్చిన ఏడు రంగుల అల్ట్రాక్రోమ్ ఇంకుతో ఈ లోపం చాలావరకు తగ్గింది. అప్పటి నుంచి 13, 17 అంగుళాల పిగ్మెంట్ ప్రింటర్లు ఫోటోగ్రాఫర్ల ఇళ్లకు చేరాయి.

7. ఇంకు ట్యాంకు: వినియోగదారుల జవాబు

సాంకేతిక చరిత్రను ఆవిష్కర్తల జాబితాగా మాత్రమే చదవకండి. వాడేవారూ చరిత్రను మలుస్తారు. ఇంకు ధర భరించలేక ఆసియా దేశాల్లో చాలామంది కార్ట్రిడ్జిలను సిరంజితో నింపుకున్నారు. పక్కన సీసాలు పెట్టి గొట్టాలతో ప్రింటర్‌కు కలిపారు. మన పట్టణాల్లో కార్ట్రిడ్జి నింపే దుకాణాలు మీరూ చూసే ఉంటారు.

ఇండోనేషియాలో ఈ అలవాటును గమనించిన ఎప్సన్, దాన్ని అడ్డుకోవడానికి బదులు 2010లో అక్కడే ట్యాంకు ప్రింటర్లను విడుదల చేసింది. మరుసటి ఏడాది అవి భారతదేశానికి వచ్చాయి. కానన్ 2015లో తన జీ శ్రేణితో ఇదే దారి పట్టింది. ట్యాంకు ప్రింటర్ ధర ఎక్కువ, సీసా ఇంకు చవక. అంటే ఖర్చు మళ్లీ యంత్రం ధరలోకి, మన కంటికి కనిపించే చోటికి తిరిగివచ్చింది. ఆరు రంగుల ఏ3 ప్లస్ ట్యాంకు ప్రింటర్లు ఇప్పుడు ఫోటో పనికీ దొరుకుతున్నాయి. వీటిలో ఎక్కువగా డై ఇంకే వాడతారు. పిగ్మెంట్ ఇంకు వాడే ఫోటో ప్రింటర్లు మాత్రం ఎక్కువగా కార్ట్రిడ్జి పద్ధతిలోనే మిగిలాయి.

8. ఎంపిక: లెక్క వేసే పద్ధతి

ఈ కింది అంకెలు అభ్యాసం కోసం అనుకున్నవి. కొనేముందు వీటి స్థానంలో మీ ఊరి ధరలు వేసుకోండి.

ప్రింటర్ 'క' ధర రూ. 30,000, దాని కార్ట్రిడ్జి ఇంకు మి.లీ.కు రూ. 60. ప్రింటర్ 'ఖ' ధర రూ. 60,000; దాని సీసా ఇంకు మి.లీ.కు రూ. 10. ఏ3 ప్లస్ ఫోటోకు 2 మి.లీ. ఇంకు, రూ. 60 కాగితం పడతాయి. హెడ్ శుభ్రతకు నెలకు 10 మి.లీ. పోతుంది. ల్యాబు అదే ఫోటోకు రూ. 200 తీసుకుంటుంది.

నెలకు 5 ఫోటోలు వేస్తే మొత్తం ఇంకు 20 మి.లీ., అంటే ఫోటోకు 4 మి.లీ. నెలకు 40 వేస్తే మొత్తం 90 మి.లీ., అంటే ఫోటోకు 2.25 మి.లీ.

పట్టిక 1: ఒక్కో ఫోటోకు ఇంకు, కాగితం ఖర్చు (రూపాయల్లో)

| నెలకు ఫోటోలు | ప్రింటర్ క | ప్రింటర్ ఖ | ల్యాబు |
|---|---|---|---|
| 5 | 300 | 100 | 200 |
| 40 | 195 | 82.50 | 200 |

పట్టికను జాగ్రత్తగా చదవండి. నెలకు 5 ఫోటోలు వేసేవారికి 'క' ల్యాబు కంటే ఎక్కువ ఖర్చు. 40 వేసినా మిగిలేది ఫోటోకు 5 రూపాయలే. యంత్రం ధర తిరిగి రావడానికి పన్నెండేళ్లు దాటుతుంది. 'ఖ' నెలకు 40 ఫోటోలు వేసేవారికి సుమారు 13 నెలల్లో ధర రాబట్టుకుంటుంది. నెలకు 5 మాత్రమే వేస్తే పదేళ్లు పడుతుంది. అంతకాలం యంత్రం నిలుస్తుందన్న భరోసా లేదు కనుక అలాంటివారికి ల్యాబే మేలు.

అయితే డబ్బు ఒక్కటే ప్రమాణం కాదు. ఫోటోను అమ్ముతున్నారా, దశాబ్దాలపాటు గోడ మీద ఉంచుతారా? అలాంటప్పుడు పిగ్మెంట్‌కు పెట్టే అదనపు ఖర్చు మీ మాటకు విలువ ఇస్తుంది. ఆల్బంలో ఉండే ఫోటోలకు, గాజు ఫ్రేములో పెట్టి ఎండ తగలకుండా ఉంచే ఫోటోలకు మంచి డై ఇంకు సరిపోవచ్చు. వెడల్పు విషయంలో కూడా ఇదే సూత్రం పాటించండి. ఏడాదికి రెండుసార్లు మాత్రమే పెద్ద ఫోటో కావాలంటే, 17 అంగుళాల యంత్రం కొనకుండా ఆ రెండూ ల్యాబులో వేయించుకోండి.

9. ఇంకు వృథా కాకుండా

- ప్రింటర్‌ను దాని మీటతోనే ఆపండి. గోడ స్విచ్చి నేరుగా ఆపితే హెడ్ మూత కిందికి చేరకముందే ఆగిపోయి ఇంకు ఎండిపోవచ్చు. కరెంటు పోయే ఊళ్లలో చిన్న యూపీఎస్ ఉంటే మంచిది.
- పొడి వేసవిలో రంధ్రాలు త్వరగా ఎండుతాయి. వారానికి ఒక చిన్న రంగుల ఫోటో వేయండి. అది హెడ్ శుభ్రత కంటే చవక.
- ముందు నాజిల్ పరీక్ష చేసి, గీతలు తెగినప్పుడే శుభ్రత మొదలుపెట్టండి.
- మ్యాట్ కాగితానికి ఒక నలుపు, మెరుపు కాగితానికి మరో నలుపు వాడే పిగ్మెంట్ ప్రింటర్లు ఉన్నాయి. పాత నమూనాల్లో కొన్ని, నలుపు మార్చిన ప్రతిసారీ ఇంకు పారబోస్తాయి. అలాంటి యంత్రమైతే ఒక రకం కాగితం పనులన్నీ కలిపి చేసుకోండి.
- పెద్ద ఫోటోకు ముందు అందులోని ఒక చిన్న భాగాన్ని ముద్రించి రంగు సరిచూసుకోండి. కాగితానికి తగిన ప్రొఫైల్ ఎంచుకోండి. ఇంకు ఎక్కువగా పోయేది చెడిపోయిన ఫోటోల మీదే.
- కార్ట్రిడ్జి ధరను కాక మి.లీ. ధరను పోల్చండి. పెద్ద ప్రింటర్లలో తొలి ఇంకు కొంత గొట్టాల్లోనే నిలిచిపోతుందని గుర్తుంచుకోండి.

10. సారాంశం

ఐరిస్ కాలంలో ముద్రణ ఖర్చు యంత్రంలో ఉంది. యంత్రాలు చవకై ఇళ్లకు చేరినప్పుడు అది ఇంకులోకి వెళ్లింది. ఆసియా వినియోగదారుల ఒత్తిడితో వచ్చిన ట్యాంకు ప్రింటర్లలో అది తిరిగి యంత్రానికి చేరింది. మన్నిక కోసం జరిగిన కృషి డై, పిగ్మెంట్ అనే ఎంపికను మన ముందు ఉంచింది. నెలకు ఎన్ని ఫోటోలు వేస్తారు, అవి ఎంతకాలం నిలవాలి అన్న రెండు ప్రశ్నలకు మీరు నిజాయితీగా జవాబు రాసుకుంటే ఏ ప్రింటర్ కొనాలో, అసలు కొనాలో వద్దో ఆ జవాబులే చెబుతాయి.

నమూనా పరీక్ష ప్రశ్నలు

1. ఇంక్‌జెట్ ముద్రణలో ఖర్చు యంత్రం నుంచి ఇంకుకు, ఇంకు నుంచి యంత్రానికి మారిన తీరును వివరించండి.
2. ట్యాంకు ప్రింటర్ల రాకలో వినియోగదారుల పాత్రను చర్చించండి.
3. డై, పిగ్మెంట్ ఇంకుల మధ్య తేడాలను ఉదాహరణలతో రాయండి.
4. మీ ఊరి ల్యాబు ధర, రెండు ప్రింటర్ల ధరలు సేకరించి పట్టిక 1 తరహాలో లెక్క వేయండి. మీ నిర్ణయాన్ని కారణాలతో సమర్థించండి.