పని మానకుండా థియాలజీ: ఇది సగం చదువేనా?

హైదరాబాద్ నుంచి ముంబై పోయే హైవే మీద, జహీరాబాద్ దాటాక, కర్ణాటక బార్డర్ దగ్గర వచ్చే ఊరు మా చిరాగ్‌పల్లి. ఇక్కడ వారమంతా పనికి పోయి ఆదివారం వాక్యం చెప్పే మనిషికి థియాలజీ చదవాలని ఉందనుకోండి. కాలేజీ హాస్టల్లో చేరితే ఇల్లు ఎవరు నడపాలి? సంఘాన్ని ఎవరు చూడాలి?

1963లో గ్వాటెమాలాలో కూడా ఇదే చిక్కు. అక్కడి ప్రెస్బిటేరియన్ సెమినరీకి వచ్చి చదివినవాళ్లలో చాలామంది పల్లె పాస్టర్లుగా మిగల్లేదు. పల్లెల్లో సంఘాలు నడిపేవాళ్లేమో పెళ్లాం పిల్లలున్నోళ్లు, పని వదిలి రాలేరు. అందుకే పాఠాలనే వాళ్ల దగ్గరికి పంపారు. రోజూ ఇంట్లో చదువుకోవాలి, వారానికోసారి టీచర్‌తో కూర్చోవాలి. అదే పద్ధతిలో 1971లో బెంగళూరులో టాఫ్టీ మొదలైంది.

"అది సగం చదువే" అని కొందరు తీసిపారేస్తారు. నేనైతే ఒప్పుకోను. విలియం కేరీ ఇంగ్లండ్‌లో చెప్పులు కుడుతూ, బడి చెబుతూ, సంఘం చూసుకుంటూనే గ్రీకు, హీబ్రూ నేర్చుకున్నాడు. హాస్టల్ లేదు, ఏమీ లేదు! ఆయన, మార్ష్‌మన్, వార్డ్ కలిసి 1818లో శ్రీరాంపూర్ కాలేజీ పెట్టారు. 1827లో డెన్మార్క్ రాజు ఇచ్చిన చార్టర్‌తో దానికి డిగ్రీలిచ్చే అధికారం వచ్చింది. ఇవాళ హైదరాబాద్‌లో ఆంధ్రా క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ హాస్టల్లో ఉండి బీడీ చదివినవాళ్లకు కూడా పట్టా ఇచ్చేది ఆ శ్రీరాంపూర్ సెనేటే.